ముఖం బాగానే వస్తోంది, పేజీ మాత్రం రావడం లేదు: కొత్తగా కామిక్స్ గీసేవాడికి సలహాలు కావాలి

విభాగం: బొమ్మలు, కార్టూన్లు, కామిక్స్ › కొత్తవాళ్ల అరుగు

లంకకుర్రాడు · ఆదివారం రాత్రి 9:12

నమస్తే అండి అందరికీ. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. అమలాపురంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తున్నాను, ఎక్కువగా యానిమే చూసి వేసినవే. ఇప్పుడు సొంతంగా ఒక కామిక్ మొదలుపెట్టాను. 1986 ఆగస్టులో గోదారికి వచ్చిన పెద్ద వరదలో మా మామ్మ, మా నాన్న, మా అత్త, ఒక ఆవుదూడ రాత్రంతా పెంకుటింటి కప్పు మీదే ఉండిపోయారు. నాన్న, అత్త అప్పటికి చిన్నపిల్లలు. తెల్లారాక ఒక పడవ మనిషి వచ్చి దింపాడు. ఆ కథే. పదహారు పేజీలు అనుకున్నాను.

ఒక్క ముఖం వేయమంటే బాగానే వేస్తాను, కాలేజీలో మెచ్చుకుంటారు కూడా. అదే ముఖం రెండో ప్యానెల్లో (పేజీలో బొమ్మ వేసే ఒక్కో గడి) వేరే మనిషి అయిపోతోంది. మూడో దాంట్లో మా మామ్మ పక్కింటావిడలా ఉంది. ఎడమకి చూసే ముఖాలు వస్తాయి, కుడికి తిప్పితే దవడ వంకర. చేతులు అసలు రావు, అందుకే అందరి చేతులూ వెనకో, చెంగు కిందో పెట్టేస్తున్నాను. పడవ గురించి అడగొద్దు.

మొదటి పేజీ జతచేశాను. మొహమాటం లేకుండా చెప్పండి. రోజుకి గంట, గంటన్నర కుదురుతుంది. ఏది ముందు నేర్చుకోవాలి?

[జత: పేజీ 1. నాలుగు ప్యానెళ్లు, పెన్సిల్ మీద జెల్ పెన్]

స్క్రీన్‌టోన్ · ఆదివారం రాత్రి 9:47

చూశాను. నాలుగు ప్యానెళ్లలోనూ ఒకటే కోణం, ఒకటే దూరం. పాస్‌పోర్ట్ ఫొటోలు వరసగా అంటించినట్టుంది.

నీకు ఒక కోణంలో ముఖం ఎలా ఉంటుందో కంఠతా వచ్చింది, అంతే. తల ఆకారం ఇంకా తెలియలేదు. అందుకే తిప్పగానే పడిపోతోంది. ముందు కళ్లు, ముక్కు, జుట్టు అన్నీ మర్చిపో. ఒక బంతి గియ్యి, రెండు పక్కలా కొంచెం చెక్కెయ్, కింద దవడ తగిలించు. నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా ఒక గీత, కళ్ల దగ్గర అడ్డంగా ఒక గీత. తల పైకెత్తితే అడ్డగీత పైకి వంగుతుంది, దించితే కిందికి వంగుతుంది. ఇదే పేజీ నిండా అన్ని వైపులకీ తిప్పి గియ్యి. చెవి కనుబొమకీ ముక్కు కొసకీ మధ్యలో కూర్చుంటుంది. కళ్లు తల మొత్తం ఎత్తులో సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తవాళ్లందరూ కళ్లని పైకి జరిపి నుదురు మింగేస్తారు, నువ్వూ మింగేశావు.

కుడివైపు సమస్య చాలామందికి ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్ల మణికట్టు ఎడమకి చూసే ముఖాన్ని సులువుగా గీస్తుంది. కాగితాన్ని తిరగేసి కిటికీ వెలుతురుకి పట్టుకుని వెనక నుంచి చూడు. ఎక్కడ వంకరో నీకే కనబడుతుంది. ఫోన్‌లో ఫొటో తీసి మిర్రర్ చేసినా సరే.

ఆ తర్వాత మోడల్ షీట్. ప్రతి పాత్రకీ ముందు, పక్క, మూడొంతులు (ముందుకీ పక్కకీ మధ్య కోణం), వెనక, నాలుగూ ఒకే ఎత్తు గీతల మధ్య. పెద్దవాళ్లు సుమారు ఏడున్నర తలల ఎత్తు. నాలుగేళ్ల పిల్ల అయిదు తలలు. ఈ లెక్క గోడకి అంటించుకో. అది అయ్యేదాకా కామిక్ పక్కన పెట్టెయ్. ఆరు నెలలు బేసిక్స్ తప్ప ఇంకేం వద్దు. నా మాట ఇదే.

పెన్సిల్‌పిన్ని · ఆదివారం రాత్రి 10:20

తమ్ముడూ, బొమ్మలో ఓపిక ఉంది, అది ముందు చెప్పాలి. పెంకు పెంకూ లెక్కపెట్టి వేశావు. నేను భీమవరం వైపు ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను, నీలాంటి పిల్లలు ఏటా వస్తారు.

ఒక చిన్న ప్రశ్న. 1986లో మీ మామ్మ వయసెంత? ఇద్దరు చిన్నపిల్లల తల్లి అంటే ముప్పై దాటి ఉండదు. నువ్వు ఇప్పటి మామ్మని గీశావు, ముడతలూ తెల్ల ముడీ వేసి. ఆవిడ పెళ్లిఫొటో ఏదైనా ఉంటే అడుగు.

ఇంకొకటి. కప్పు వాలుగా ఉంది, మనుషులు మాత్రం అరుగు మీద కూర్చున్నట్టు హాయిగా కూర్చున్నారు. వాలు మీద అలా కూర్చుంటే జారిపోతారు. ఏటిగట్టు వాలు మీదికి వెళ్లి కూర్చుని చూడు. మడమలు తన్నిపెడతాం, మోకాళ్లు పైకి లేస్తాయి, ఒక అరచెయ్యి వెనక ఆనుతుంది, వేళ్లు విచ్చుకుంటాయి. ఫోన్ టైమర్ పెట్టి నిన్ను నువ్వే ఫొటో తీసుకో. అప్పుడు చేతులు దాచాలన్నా కుదరదు, ఆ చెయ్యే కదా మనిషిని పట్టుకున్నది!

చేతుల సంగతి కూడా చెప్తాను. వేళ్లతో మొదలుపెట్టకు. ముందు అరచెయ్యి ఒక మందపాటి పలక, బొటనవేలి కింద కండ ఒక ముద్ద, నాలుగు వేళ్లూ కలిపి ఒక తొడుగు. వేళ్లు విడదీయడం ఆఖర్న. కొలత కావాలంటే నీ చెయ్యి నీ ముఖం మీద పెట్టుకో, గడ్డం నుంచి నుదుటి పైదాకా వస్తుంది. కొత్తవాళ్లు చేతులు చిన్నవి వేస్తారు.

సిరాబుడ్డి · సోమవారం ఉదయం 6:05

బాబూ, పెద్దవాణ్ణి, టైపు చేయడం నెమ్మది. ఒకప్పుడు వారపత్రికలకి కథల బొమ్మలు వేసేవాణ్ణి, ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను.

స్క్రీన్‌టోన్ గారు చెప్పిన తల లెక్క అక్షరాలా నిజం. కామిక్ పక్కన పెట్టమనడం మాత్రం నేను ఒప్పుకోను. పేజీ వేస్తేనే కదా నీకేం రాదో తెలిసేది. పత్రికలో మాకు కథ చేతిలో పెట్టి రేపు సాయంత్రానికి బొమ్మ కావాలనేవారు. ఎద్దు రాదంటే కుదరదు, సంతకి పోయి ఎద్దుని చూసి రావాలి. అవసరం పడ్డ రోజున నేర్చుకున్నది చేతిలో ఉండిపోయింది. ఊరికే కసరత్తుగా వేసినవి అంతగా నిలవలేదు.

అయితే ఈ పదహారు పేజీల కథ నీకు ప్రాణమైన కథ. దాని మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకోకు. ముందు ఒకే పేజీ కథలు వెయ్యి. కొబ్బరికాయ దింపు దగ్గర వేళాకోళం, పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) తప్పిపోయిన పెళ్లికొడుకు, ఏదో ఒకటి. వారానికి ఒక పేజీ. ఆదివారం రాత్రికి బాగున్నా బాగోకపోయినా తేదీ వేసి పక్కన పెట్టెయ్యాలి.

జెల్ పెన్ గురించి. గీతంతా ఒకే లావు వస్తోంది, దగ్గరి మనిషికీ దూరపు చెట్టుకీ తేడా లేదు. వెలుతురు తగిలే వైపు సన్నం, నీడ వైపు, బరువు ఆనేచోట లావు. ఇది బ్రష్‌తో ఊరికే వస్తుంది. 2 నంబరు రౌండ్ బ్రష్, వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్, ఒక పాత గుడ్డ చాలు. బ్రష్‌ని మొదలు దాకా ముంచకు, ఇనుప కట్టులోకి ఇంక్ ఎక్కి ఎండితే వెంట్రుకలు విచ్చుకుపోతాయి. కాగితం కూడా చూసుకో. జిరాక్స్ కాగితం 70 జీఎస్ఎం మన వానాకాలంలో తేమ పీల్చి మెత్తబడుతుంది, ఇంక్ పీచులు పీచులుగా పాకుతుంది. కాస్త మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం తెచ్చుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అలమరలో పైఅరలో ఉంచు. అచ్చుకి ఏ4 అనుకుంటే ఏ3 మీద వెయ్యి. చిన్నది చేసినప్పుడు చేతి వణుకు దాగుతుంది. మరీ సన్నటి గీతలు మాయమైపోతాయి, అది గుర్తుపెట్టుకో.

కొత్తిమీరకట్ట · సోమవారం ఉదయం 8:31

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేనూ కొత్తే. ఇవన్నీ ట్యాబ్లెట్ కొంటే తప్పుతాయి కదా? అన్‌డూ ఉంటుంది, కాగితం తడవదు.

స్క్రీన్‌టోన్ · సోమవారం ఉదయం 9:02

తప్పవు. అన్‌డూ ఉంటే ఒకే గీతని ముప్పై సార్లు గీస్తూ కూర్చుంటావు. ఫోన్ ఉంటే ఐబిస్ పెయింట్, కంప్యూటర్ ఉంటే కృత, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. కాగితం మీద వేసి స్కాన్ చెయ్యి. లైన్ బొమ్మలైతే 600 డీపీఐ. డబ్బు తర్వాత పెట్టు.

@సిరాబుడ్డి గారూ, మీరు రోజూ వేసే వాతావరణంలో ఉన్నారు, పక్కన సీనియర్లు తప్పు చెప్పేవారు. ఈ అబ్బాయి ఒంటరిగా వారానికో పేజీ వేస్తే అదే తప్పుని వారానికోసారి గట్టిపరుచుకుంటాడు. నేను హైదరాబాద్‌లో యానిమేషన్‌లో చేస్తున్నాను, ఇలా వచ్చినవాళ్లని చూస్తూనే ఉంటాను.

సిరాబుడ్డి · సోమవారం మధ్యాహ్నం 1:15

తప్పు చెప్పడానికి ఇక్కడ మనం ఉన్నాం కదండీ.

పంటురేవు · సోమవారం రాత్రి 8:50

నాకు బొమ్మలు రావండి. మాది సఖినేటిపల్లి. నరసాపురం రేవుకి వెళ్లే పంటు మీద పని చేసేవాణ్ణి, మా నాన్న నావ నడిపేవాడు. పడవ అన్నారని చూశాను. నాలుగో బొమ్మలో పడవ మనిషి గెడని జెండాకర్రలా నిలువుగా పట్టుకుని నవ్వుతున్నాడు. అలా పట్టుకుంటే పడవ కదలదండి.

పెద్ద నావైతే గెడ కొస అడుగున ఆనేదాకా దించి, పై కొస భుజం గుంటకి ఆనించుకుని, ముక్కు దగ్గర నుంచి అంచు మీదే వెనక్కి నడుస్తాడు. మనిషి వెనక్కి నడుస్తుంటే నావ ముందుకి పోతుంది. ఒళ్లంతా ఏటవాలుగా పడిపోయినట్టే ఉంటుంది, గెడ తీసేస్తే మనిషి బోర్లా పడాలి. చిన్న పడవైతే వెనక కొస మీద నిలబడి రెండు చేతులా నెడతాడు, ముందుకాలు వంగుతుంది, వెనక కాలు చాపుతాడు. నెట్టడం అయ్యాక గెడని నీళ్లలోంచి చేతికింద చెయ్యి వేసి లాగుతాడు, అప్పుడు నీళ్లు మోచేతుల మీదుగా కారతాయి.

గోదారి నడుమ వరదలో గెడ అందదు, తెడ్డే. ఊళ్లోకి వచ్చిన నీళ్లలో అందుతుంది. ఇంటి కప్పు దగ్గరికి ఎవడూ ప్రవాహంతో పాటు రాడు, గుద్దుకుంటాడు. దిగువ నుంచి ఎదురు నీటికి ముక్కు పెట్టి మెల్లిగా చేరతాడు. ముందు తాడు వేసి కట్టుకుని, అప్పుడు పిల్లల్ని అందుకుంటాడు. ఆయ్, చెప్పాలనిపించి చెప్పాను.

స్క్రీన్‌టోన్ · సోమవారం రాత్రి 9:10

పంటురేవు గారూ, మీరు ఇక్కడ బొమ్మలు రావని చెప్పుకునే హక్కు పోగొట్టుకున్నారు.

లంకకుర్రాడూ, ఆయన చెప్పినదాంట్లో నీ పేజీ మొత్తం ఉంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. కుడికి పోయేది ఏదైనా జారిపోతున్నట్టు సులువుగా కనిపిస్తుంది, ఎడమకి వచ్చేది ఎదురీదుతున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి వరద నీటిని కథ మొత్తం ఎడమ నుంచి కుడికే పారించు. గడ్డివాములు, తలుపులు, దుంగలు అన్నీ కుడికి కొట్టుకుపోవాలి. పడవ ఒక్కటే కుడి అంచు నుంచి ఎడమకి రావాలి. మాటలేమీ లేకుండానే ఎంత కష్టపడి వస్తున్నాడో తెలుస్తుంది. ప్రతి ప్యానెల్లోనూ నీటి దిక్కు అదే ఉంచు, మధ్యలో మార్చితే పడవ వెనక్కి తిరిగిపోయిందేమో అనుకుంటారు.

ఇంకొక పరీక్ష. పడవ మనిషిని నల్లగా నింపెయ్, లోపల గీతలేవీ లేకుండా. నీడ చూసి ఏం చేస్తున్నాడో తెలియాలి. ఇప్పుడున్న బొమ్మని నింపితే ఒక స్తంభం, పక్కన ఇంకో సన్న స్తంభం. పంటురేవు గారు చెప్పిన భంగిమ నింపితే చెప్పక్కర్లేదు.

లంకకుర్రాడు · సోమవారం రాత్రి 10:34

ఇన్ని వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్ అండి. మామ్మ పాత ఫొటో దొరికింది, రెండు జడలు! వాలు మీద కూర్చుని ఫొటో తీసుకుంటుంటే మా ఊరివాళ్లు ఏమైందిరా అని అడిగారు.

ఒక డౌట్. కదిలే మనుషుల్ని చూసి గీయాలంటే టెన్షన్ వచ్చేస్తోంది. గీయడం మొదలెట్టేలోపు వాళ్లు కదిలిపోతున్నారు. ఫొటోలు చూసి గీస్తే చాలదా?

పెన్సిల్‌పిన్ని · మంగళవారం సాయంత్రం 6:40

ఫొటోలు అవసరమే, కానీ వాటిలో కదలిక ఆగిపోయి ఉంటుంది. ఫొటో నుంచి వేస్తే అంచు వెంబడే గీస్తూ పోతాం, బరువు ఎక్కడుందో పట్టించుకోం.

కిటుకు ఒకటుంది. ఒకే పని మళ్లీ మళ్లీ చేసేవాళ్లని ఎంచుకో. మన వైపు అలాంటివాళ్లకి కరువా? కొబ్బరి ఒలిచేవాణ్ణి చూడు. నేలలో పాతిన గునపం మీద కాయని రెండు చేతులా గుచ్చుతాడు, నడుము వంచి పక్కకి తిప్పుతాడు, పీచు చీలుతుంది, కాయ తిప్పుకుంటాడు, మళ్లీ గుచ్చుతాడు. ఆ నాలుగు భంగిమలే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. కాగితం మీద నాలుగు చోట్ల నాలుగు బొమ్మలూ ఒకేసారి మొదలుపెట్టు. గుచ్చినప్పుడు మొదటి దాంట్లో రెండు గీతలు, తిప్పినప్పుడు రెండో దాంట్లో రెండు గీతలు. ఆ భంగిమ మళ్లీ వచ్చినప్పుడు ఇంకో రెండు కలుపు. వాడు కదిలిపోయాడన్న బాధే ఉండదు, తిరిగి వస్తాడు కదా. నాట్లు వేసేవాళ్లు, విసురు వల వేసేవాళ్లు, ఇస్త్రీ బండి, టీ కొట్టులో టీ ఎత్తిపోసేవాడు, అందరూ ఇలాగే.

ఏం గీయాలి అంటావా? ముందు తల నుంచి బరువు మోసే కాలి మడమ దాకా ఒకే వంపు. తర్వాత భుజాల గీత, తుంటి గీత. మనిషి ఒక కాలి మీద బరువు వేస్తే ఆ వైపు తుంటి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది. ఈ రెండు గీతలూ సమాంతరంగా వేస్తే బొమ్మ కొయ్యబొమ్మే. ముఖం వద్దు, వేళ్లు వద్దు. బాల్‌పెన్ వాడు, రబ్బరు ఇంట్లో వదిలెయ్. ఒక్కో బొమ్మకి నిమిషం. బస్సు కాంప్లెక్సులో బెంచీ మీద కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు, అందరూ బస్సు వచ్చే వైపే చూస్తుంటారు. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే నవ్వి పుస్తకం మూసెయ్.

బట్టల మడతలు కూడా అక్కడే నేర్చుకోవచ్చు. పంచె ఎగ్గట్టినవాడి మడతలన్నీ నడుము ముడి దగ్గర పుట్టి కిందికి విచ్చుకుంటాయి. చీర చెంగు భుజం మీద ఒకచోట పట్టి ఉంటుంది, మిగతాదంతా అక్కణ్ణుంచి వేలాడుతుంది. గుడ్డని ఎక్కడ ఏం పట్టుకుందో వెతికితే మడతలు కల్పించక్కర్లేదు.

సిరాబుడ్డి · మంగళవారం రాత్రి 7:55

అమ్మాయి బాగా చెప్పింది. మడతల మాట వచ్చింది కాబట్టి ఒకటి. రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ చూసి రా. ఆయన 1897లో పుట్టి 1925లోనే మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. ఆ బొమ్మల ముందు నిలబడి చీర ఎక్కడ ఒంటిని అంటుకుంది, ఎక్కడ వదిలేసింది అని మాత్రమే చూడు. రంగులు తర్వాత.

గీతకి అయితే మన బాపు గారు ఉండనే ఉన్నారు, నరసాపురంలో పుట్టినవారు. ఆయన్ని అనుకరించినవాళ్లు కళ్లూ జడా ఎత్తుకుపోయారు. ఆయన వెయ్యకుండా వదిలేసిన గీతల్ని ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. ఒక బొమ్మ ఎదురుగా పెట్టుకుని వీపు ఎక్కడ ఆగిందో, మోచెయ్యి ఎక్కడ మన కన్నే పూరించుకుంటోందో చూడు. నీ పెంకుల కప్పుకి ఆ పాఠం కావాలి. పెంకులన్నీ వేశావు, అందుకే చూపు మనుషుల మీదికి పోవడం లేదు. అంచు దగ్గర పది, విరిగినచోట నాలుగు వేసి మిగతాది వదిలెయ్.

లంకకుర్రాడు · శనివారం రాత్రి 9:20

పేజీ మళ్లీ వేశాను. మొదటి ప్యానెల్లో వరద ఎంత పెద్దదో తెలియాలని రాజమండ్రి దగ్గర గోదారి, వంతెన పెట్టాను. రెండులో కాలవగట్టు, కొబ్బరిచెట్లు. తర్వాత కప్పు మీద మామ్మా వాళ్లు. ఆఖర్న పడవ, కుడి నుంచి ఎడమకి. గెడ భుజానికి ఆనించాను.

[జత: పేజీ 1, రెండోసారి. ఏ3, బ్రష్]

స్క్రీన్‌టోన్ · శనివారం రాత్రి 9:58

పడవ మనిషి బతికాడు. వీపు వంపు చాలా బాగుంది.

మొదటి ప్యానెల్ మార్చాలి. నువ్వు వేసింది ఆర్చి వంతెన. అది 1997లో వచ్చింది. 1986లో ఉన్నవి పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. పోస్టర్లలో, పోస్ట్‌కార్డుల్లో ఎప్పుడూ ఆర్చి వంతెనే కనిపిస్తుంది కాబట్టి చెయ్యి అటు పోతుంది. మీ ఊరి వెనక సెల్ టవర్ కూడా వేశావు, అది తీసెయ్.

వరద పెద్దదని చెప్పాలంటే నేనైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం స్కేలు వేస్తాను. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. స్కేలు మీద నీళ్లు ఎక్కుతున్నట్టు మూడు సన్నటి నిలువు ప్యానెళ్లు. 1986లో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అంకె రాసే పని లేదు, స్కేలు మునిగితే చాలు.

పెన్సిల్‌పిన్ని · శనివారం రాత్రి 10:15

స్కేలు ఆలోచన నాకూ నచ్చింది.

కాలవగట్టు ప్యానెల్‌కి వస్తాను. రోడ్డు ఒకచోటికి, కాలవ ఇంకోచోటికి, చెట్లు ఎటో పోతున్నాయి. మనది బల్లపరుపు నేల కాబట్టి పర్‌స్పెక్టివ్ (దగ్గర, దూరం తేడా కనబడేలా గీయడం) నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, కంటిమట్టం గీత అడ్డు లేకుండా కనబడుతుంది. లాకుల దగ్గర తిన్నగా పోయే కాలవ చూసుకుని గట్టు మీద నిలబడు. ఒక స్కేలుని కళ్లకి ఎదురుగా అడ్డంగా పట్టుకో. రోడ్డు రెండు అంచులు, కాలవ రెండు ఒడ్లు, కరెంటు తీగలు అన్నీ ఆ స్కేలు మీద ఒకే చుక్కలోకి వెళ్తాయి. కంటి కంటే కిందున్నవి ఎక్కుతాయి, పైనున్నవి దిగుతాయి. కొబ్బరిచెట్ల మొదళ్లు ఆ వరసలోనే ఉంటాయి కానీ మానులు నీటి వైపు వంగుతాయి, వాటిని స్తంభాల్లా నిలబెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. కంటిమట్టం ఎక్కడ పెట్టాలన్నది కథే చెప్తుంది. పడవలో కూర్చున్నవాడి కన్ను నీటికి దగ్గర, గట్టు అడ్డొచ్చి వాడికి ఇళ్ల కప్పులు తప్ప ఏం కనబడవు. కప్పు మీదున్న మామ్మకి అంతా కిందుగా, దూరం దాకా నీళ్లే. పడవ వస్తున్న ప్యానెల్ మామ్మ కంటిమట్టం నుంచి ఒకసారి, పడవ మనిషి కంటిమట్టం నుంచి ఒకసారి వేసి చూడు. అగ్గిపెట్టెలంత చిన్న స్కెచ్‌లు చాలు.

కొత్తిమీరకట్ట · శనివారం రాత్రి 10:40

నీళ్లు ఎలా వేశావు బ్రో? నాకు నీళ్లంటే దుప్పటి పరిచినట్టు వస్తుంది.

సిరాబుడ్డి · ఆదివారం ఉదయం 5:50

అతనికీ అలాగే వచ్చింది బాబూ, బాధపడకు. అలలన్నీ ఒకే కొలతలో వేస్తే అంతే. వరద నీళ్లలో ఎక్కువ భాగం తెల్లకాగితమే ఉండాలి. ఏదైనా అడ్డం తగిలినచోట మాత్రమే గీతలు: చెట్టు మొదలుకి ఎగువన నీళ్లు ఉబ్బుతాయి, దిగువన తోకలా సుడి సాగుతుంది. దగ్గర గీతలు దూరం దూరంగా, దూరాన దగ్గర దగ్గరగా. కప్పు కింద, పడవ కింద గట్టి నలుపు. ఆ నలుపే నీటికి బరువిస్తుంది.

మాటల సంగతి ఎవరూ ఎత్తలేదు. బెలూన్లు ఆఖర్న దూర్చినట్టున్నావు. మూడో ప్యానెల్లో బెలూన్ మామ్మ జడని మింగేసింది. బొమ్మ కంటే ముందు పెన్సిల్‌తో మాటలు రాసుకో, ఎంత చోటు కావాలో తెలుస్తుంది. తెలుగుకి ఇంగ్లిష్ కామిక్స్ లైన్ల ఎడం సరిపోదు. పై వరసలో ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరసలో గుడి పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. ‘స్త్రీ’ రాసిన వరస కింద ‘కీ’ వస్తే చూడు. అక్షరం ఎత్తులో కనీసం సగం ఖాళీ వదులు. మన మాటలు పొడుగు కూడా. ‘కొట్టుకుపోతున్నామేమో’ అని ఒక్క మాటే బెలూన్ వెడల్పంతా తినేస్తుంది. బెలూన్ సన్నగా నిలువుగా కాకుండా వెడల్పుగా వేసుకో, లేదా మాట మార్చు. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమన నిలబెట్టు, లేకపోతే తోకలు ఒకదాన్నొకటి దాటుతాయి.

స్క్రీన్‌టోన్ · ఆదివారం ఉదయం 10:05

చేతిరాత బాగుంటే చేత్తోనే రాయమంటాను. కంప్యూటర్లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒత్తుల్ని విడగొట్టి పక్కన పడేస్తాయి. అలా వస్తే వేరేచోట టైపు చేసి బొమ్మగా తెచ్చి అతికించు. అరుపుకి మనకి పెద్దక్షరాలు లేవు కాబట్టి లావు, సైజు పెంచు, బెలూన్ అంచు పగలగొట్టు.

ఆరు నెలలు ఆగమన్న మాట మీదే ఉన్నాను. వారానికో పేజీ వేస్తానంటే వెయ్యి, కానీ రోజూ గంటలో సగం బంతులూ పెట్టెలూ తిప్పడానికే. ఈ పేజీలో పిల్లల తలలు చూడు, మళ్లీ పెద్దవాళ్ల తలలే చిన్నవి చేసి పెట్టావు. పిల్లల కళ్లు తల సగం కంటే కిందే ఉంటాయి.

అరుగుకాపలా (నిర్వాహకులు) · ఆదివారం ఉదయం 11:00

జతల సైజు 5 ఎంబీ దాటుతోంది, తగ్గించి పెట్టండి. చర్చ బాగుంది, పైన పిన్ చేస్తున్నాను.

లంకకుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 12:25

వంతెన తీసేసి స్కేలు పెడతాను. పదహారు పేజీలు ప్రస్తుతానికి ఆపాను. ముందు ‘పంటు తప్పిన పెళ్లికొడుకు’ ఒక పేజీ వేస్తాను, సిరాబుడ్డి గారి ఐడియానే. పంటు ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది, బళ్లు, మేకలు, స్కూలు పిల్లలు. అంతమందిని ఒక ప్యానెల్లో ఎలా పెట్టాలి? పంటురేవు గారూ, ఎక్కడ కూర్చుంటే అంతా కనబడుతుంది?

పెన్సిల్‌పిన్ని · ఆదివారం మధ్యాహ్నం 1:10

అందరికీ ముఖాలు వెయ్యకు. ముందు వరసలో ముగ్గురు, నలుగురిని పూర్తిగా, వెనక తలలు భుజాలు మాత్రం, ఇంకా వెనక ఒట్టి నల్లటి గుంపు అంచు. తలల ఎత్తు మాత్రం కంటిమట్టంతో సరిచూసుకో. నిలబడి చూస్తున్నావనుకుంటే, అదే ఎత్తు మనుషుల కళ్లన్నీ దగ్గరున్నా దూరమున్నా ఆ గీత మీదే ఉంటాయి. మేకలు, పిల్లలు దాని కింద.

పంటురేవు · ఆదివారం మధ్యాహ్నం 2:30

సరంగు (పంటు నడిపేవాడు) గది పక్కన మెట్టు ఉంటుంది, అక్కడ కూర్చుంటే రెండు వైపులా కనబడుతుంది. పొద్దున, సాయంత్రం రద్దీ. మేకలు కావాలంటే సంత రోజు రండి. బళ్లు దించేటప్పుడు మాత్రం పలక దగ్గర నిలబడకండి, అరుస్తారు. టిక్కెట్టు తీసుకోవాలండోయ్, బొమ్మలు వేసుకుంటానన్నా వదలరు.